క్లారినెట్ వాద్యభేదాలు – ఆధారషడ్జ పరివర్తనం : ఒక పరిశీలన

ప్రస్తావన

హిందూపురానికి, పెనుకొండకు నడుమ ఉన్న మండల కేంద్రం పరిగి. 2022 వరకు అనంతపురం జిల్లాలోను, ఆ ఏడాది నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోను అంతర్భాగమైన ఈ గ్రామాన్ని ప్రాచీన శాసనాల్లోని ‘పరువి’గా చరిత్రకారులు గుర్తించారు. ఈ సీమలో పెండ్లి ఊరేగింపుల్లోను, ఉత్సవాల్లోను వినిపించే వాద్యసముదాయాలు ప్రధానంగా రెండు విధాలు. సన్నాయి, డోలు, శ్రుతిని పట్టే ఒత్తుతో కూడిన సంప్రదాయ మేళం మొదటిది. క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ములతో కూడిన బ్యాండు మేళం రెండవది. మొదటి మేళంలో ఒత్తు నిలిపిన షడ్జమే అందరికీ ఆధారం. రెండవ మేళంలోని వాద్యాలు వేర్వేరు శ్రుతులకు నిర్మితమైనవి. ఒకే పాటకు స్టాఫ్ లిపిలో రాసిన ఒకే ప్రతిని హార్మోనియం ముందు, బి-ఫ్లాట్ క్లారినెట్ ముందు ఉంచితే ఇద్దరూ తప్పులేకుండానే వాయిస్తారు. అయినా వినేవారికి రెండు స్వరపంక్తులు ఒకదానితో ఒకటి ఢీకొన్నట్లు తోస్తుంది.

ఈ స్థితిని సరిదిద్దే ప్రక్రియను పాశ్చాత్యులు ట్రాన్స్‌పొజిషన్ అంటారు. దీనిని తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు ‘శ్రుతిభేదం’, ‘గ్రహభేదం’, ‘స్థాయి మార్పు’ అనే పదాలను విచక్షణ లేకుండా వాడటం కనిపిస్తుంది. స్థాయి అంటే మంద్ర, మధ్య, తారాలలో ఒకటి. గ్రహభేదం స్వరాంతరాలను మార్చే మరొక ప్రక్రియ. పారిభాషిక పదం తారుమారైతే లక్షణగ్రంథాల్లోని వాక్యానికి అర్థమే మారిపోతుంది. క్లారినెట్ వాద్యభేదాలను ఆధారంగా తీసుకొని ఈ ప్రక్రియ స్వరూపాన్ని నిర్ణయించడం, మన లక్షణగ్రంథాల్లో దానికి సదృశమైన భావనలను చూపడం, దానినీ గ్రహభేదాన్నీ వేరుచేయడం ఈ వ్యాసోద్దేశం. ఈ ప్రక్రియకు ఇక్కడ ‘ఆధారషడ్జ పరివర్తనం’ అనే పదం వాడబడింది, సంక్షేపంగా ‘పరివర్తనం’.

క్లారినెట్ స్వరూపం

జర్మనీ దేశంలోని న్యూరెంబర్గు నగరానికి చెందిన వాద్యనిర్మాత యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ 1700 ప్రాంతంలో ఈ వాద్యాన్ని రూపొందించాడని ప్రసిద్ధి. సన్నాయికి, దీనికి రెండు ముఖ్యభేదాలున్నాయి. సన్నాయికి జంటపుల్లల జీవాళి. క్లారినెట్‌కు ముఖభాగానికి బిగించిన ఒకే రెల్లుపుల్ల. సన్నాయి నాళం పైనుంచి కిందికి విశాలమవుతూ పోతుంది. క్లారినెట్ నాళం అధికభాగం ఒకే వ్యాసంతో గొట్టంలా ఉంటుంది.

ఈ రెండవ భేదం నుంచే వాదకునికి చిక్కు మొదలవుతుంది. సన్నాయిలో ఒక వేళ్ల అమరికతో మంద్రషడ్జం పలికితే, ఊదే బలం పెంచినప్పుడు అదే అమరికతో మధ్యషడ్జం పలుకుతుంది. క్లారినెట్‌లో అలా జరగదు. ఒకవైపు మూసిన సమవ్యాస నాళంలో బేసి సంఖ్య అనుస్వనాలే ప్రబలంగా ఉంటాయి గనుక, బొటనవేలి వద్ద ఉన్న మీటను నొక్కి పైవిభాగానికి వెళ్లినప్పుడు స్థాయిని దాటి పంచమం పలుకుతుంది. కింది విభాగంలో షడ్జమైన వేళ్ల అమరిక పైవిభాగంలో పంచమమవుతుంది. అందువల్ల ఒక షడ్జాన్ని స్థిరపరచుకున్న వాదకుడు రెండు వేళ్ల క్రమాలను కంఠస్థం చేయవలసి ఉంటుంది. షడ్జం మారితే ఆ రెండూ మారుతాయి. పన్నెండు శ్రుతులకు ఇరవైనాలుగు క్రమాలవుతాయి.

తొలికాలపు క్లారినెట్‌కు మీటలు కొద్ది. మొజార్టు కాలంనాటికి అయిదు మీటల వాద్యం వ్యాప్తిలో ఉండేది. అర్ధస్వరాలు అధికంగా ఉన్న మేళాలను దానిపై వాయించడం కష్టం; కొన్ని స్వరాలు మసకగా, కొన్ని అపశ్రుతిగా పలికేవి. దీనికి నిర్మాతలు కనుగొన్న పరిష్కారం ఒకే ఆకృతిలో వేర్వేరు పొడవుల వాద్యాలను చేయడం. సి, బి-ఫ్లాట్, ఎ అనే మూడు శ్రుతుల క్లారినెట్లను వాదకుడు వెంట ఉంచుకొని, కృతి ఉన్న మేళాన్ని బట్టి సులభమైనదానిని ఎంచుకునేవాడు. సైనిక బ్యాండ్లలో చిన్నదైన ఇ-ఫ్లాట్ క్లారినెట్ కూడా చేరింది. మొజార్టు 1791లో పూర్తిచేసిన క్లారినెట్ కాన్‌చెర్టో ఎ శ్రుతి వాద్యానికి రాసినది.

1812లో ఇవాన్ మ్యూలర్ అనే వాదకుడు పదమూడు మీటల బి-ఫ్లాట్ క్లారినెట్‌ను పారిస్ కన్సర్వేటరీ పరీక్షకసంఘం ముందు ఉంచాడు. అన్ని మేళాలనూ ఈ ఒక్క వాద్యంపైనే పలికించవచ్చునని అతని వాదం. సంఘం దానిని అంగీకరించలేదు. వేర్వేరు శ్రుతుల క్లారినెట్లకు వేర్వేరు నాదగుణాలున్నవని, ఒకే వాద్యం మిగిలితే రచయితలు ఆ వైవిధ్యాన్ని కోల్పోతారని సంఘం చూపిన కారణాలలో ముఖ్యమైనది. 1839 నాటికి క్లోజే, బ్యుఫే కలిసి ఉంగరపు మీటలతో రూపొందించిన వాద్యం తరువాత ‘బోమ్ పద్ధతి’గా ప్రసిద్ధమైంది. యాంత్రికమైన ఇబ్బంది ఇంతగా తగ్గిన తరువాత కూడా పాశ్చాత్య వాద్యబృందాల్లో బి-ఫ్లాట్, ఎ క్లారినెట్లు రెండూ నిలిచి ఉండటం గమనార్హం.

రాసిన స్వరం, వినిపించే స్వరం

వాద్యాలు అనేకమైనా వేళ్ల క్రమం ఒక్కటే కావాలనే అవసరం నుంచి ఒక లేఖనసంప్రదాయం పుట్టింది. ఏ శ్రుతి క్లారినెట్ అయినా ఒకే వేళ్ల అమరికకు ఒకే పేరు. ‘సి’ అని రాసినచోట వాదకుడు ఆ అమరికనే ఉంచుతాడు. సి క్లారినెట్‌పై సి వినిపిస్తుంది. బి-ఫ్లాట్ క్లారినెట్‌పై రెండు అర్ధస్వరాలు తగ్గి బి-ఫ్లాట్, ఎ క్లారినెట్‌పై మూడు అర్ధస్వరాలు తగ్గి ఎ, ఇ-ఫ్లాట్ క్లారినెట్‌పై మూడు అర్ధస్వరాలు హెచ్చి ఇ-ఫ్లాట్ వినిపిస్తాయి. వాద్యం పేరులోని శ్రుతి, ‘సి’ అని రాసినప్పుడు ఏది పలుకుతుందో చెప్పే సూచన మాత్రమే.

ఈ దృష్టితో చూస్తే సంగీతలిపులు మూడు తెగలుగా విడిపోతాయి. నాదస్థానాన్ని చెప్పేది ఒకటి: హార్మోనియానికి, వయొలిన్‌కు రాసే స్టాఫ్ లిపి ఇట్టిది. వాదకుని క్రియను చెప్పేది రెండవది: క్లారినెట్ ప్రతి ఇట్టిది; అందులోని ‘సి’ శబ్దానికి కాక వేళ్లకు గుర్తు. సంబంధాన్ని చెప్పేది మూడవది: మన సరిగమలిపి ఇట్టిది. అందులోని ‘గ’ ఏ నాదస్థానాన్నీ చెప్పదు, ఏ వేలినీ చెప్పదు. షడ్జానికి ఆ స్వరం ఎంత దూరాన ఉన్నదో మాత్రమే చెబుతుంది.

సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ మూడవ తెగకు ఉత్తమోదాహరణ. ఒకే ముద్రితపుటను ఒకటిన్నర శ్రుతిలో పాడే పురుషుడు, ఐదున్నర శ్రుతిలో పాడే స్త్రీ, రెండు శ్రుతిలో ఊదే సన్నాయి విద్వాంసుడు అక్షరం మార్చకుండా వాడుకుంటారు. అదే కృతిని 1890లలో ఎ. ఎం. చిన్నస్వామి మొదలియార్ చేసినట్లు స్టాఫ్ లిపిలోకి తేవాలంటే లేఖకుడు ముందుగా ఒక షడ్జస్థానాన్ని ఎంచుకోక తప్పదు. ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వర సాహిత్యాలు దీనికి ఎదురు దిశలో జరిగిన పని. యూరోపియన్ బ్యాండ్లు ఏ శ్రుతిలో వాయించినా, ఆ బాణీలు శంకరాభరణ స్వరాలుగా వినబడి సంస్కృత సాహిత్యాన్ని పొందాయి. నాదస్థానం విడిచిపోయింది; సంబంధం మిగిలింది.

ప్రతి లిపీ ఒక విషయాన్ని చెప్పి రెండింటి పట్ల మౌనం వహిస్తుంది. సరిగమలిపికి పరివర్తన శ్రమ లేదనడం నిజమే కాని, ఆ శ్రమ నశించలేదు. కాగితం మీదనుంచి వేళ్ల మీదికి జరిగింది.

వేరొక వాద్యపు ప్రతిని వాయించు విధానం

ఒక ఉదాహరణతో విషయం స్పష్టమవుతుంది. షడ్జం, అంతరగాంధారం, పంచమం అనే మూడు స్వరాలు రెండు శ్రుతిలో వినిపించాలి. హార్మోనియంపై అవి డి, ఎఫ్-షార్ప్, ఎ. సి క్లారినెట్ ప్రతిలో అవే రాస్తారు. బి-ఫ్లాట్ క్లారినెట్ ప్రతిలో రెండు అర్ధస్వరాలు హెచ్చించి ఇ, జి-షార్ప్, బి అని రాస్తారు. ఎ క్లారినెట్ ప్రతిలో మూడు అర్ధస్వరాలు హెచ్చించి ఎఫ్, ఎ, సి అని, ఇ-ఫ్లాట్ క్లారినెట్ ప్రతిలో మూడు అర్ధస్వరాలు తగ్గించి బి, డి-షార్ప్, ఎఫ్-షార్ప్ అని రాస్తారు. నాలుగు ప్రతులు నాలుగు మేళాలుగా కంటికి కనిపిస్తాయి. చెవికి ఒకే ‘స గ ప’. బి-ఫ్లాట్ వాదకునికి నాలుగు షార్పులు, ఇ-ఫ్లాట్ వాదకునికి అయిదు షార్పులు ఎదురుకాగా ఎ వాదకునికి ఒకే ఒక ఫ్లాట్. పూర్వులు మూడు వాద్యాలు వెంట ఉంచుకున్న కారణం ఇక్కడే తెలుస్తున్నది.

వాదకుని వద్ద ప్రతిలో చెప్పిన వాద్యం లేనప్పుడు చూచిన క్షణంలోనే పరివర్తనం చేయాలి. బి-ఫ్లాట్ వాద్యం ఉన్నవాడు సి క్లారినెట్ ప్రతిని చదవాలంటే ప్రతి స్వరాన్నీ ఒక పూర్ణస్వరం హెచ్చించి, మేళచిహ్నంలో రెండు షార్పులు చేర్చాలి. ఎ క్లారినెట్ ప్రతిని చదవాలంటే అర్ధస్వరం తగ్గించాలి. ఇందుకు మూడు మార్గాలున్నాయి. ఒక్కొక్క స్వరానికి దూరాన్ని లెక్కించడం మొదటిది. ఇది మందగమనంలోనే పనికివస్తుంది. గీతల మొదట ఉండే క్లెఫ్ గుర్తు మారినట్లు భావించి చదవడం రెండవది. యూరపులో, విశేషించి ఫ్రాన్సులో, శిక్షణ పొందినవారు దీనిని వాడతారు. స్వరాలను షడ్జాపేక్షంగా గ్రహించి, కొత్త షడ్జం నుంచి అదే సంబంధాన్ని పలికించడం మూడవది. సరిగమలు అభ్యసించిన విద్యార్థికి ఈ మూడవ మార్గం చిన్ననాటి నుంచీ తెలిసినదే. ‘ఇ, జి-షార్ప్, బి’ అని మూడు పేర్లు మోయడం కంటె ‘ఇ వద్ద షడ్జం, స గ ప’ అని గ్రహించడం సులభం. మన పద్ధతి ఈ విద్యకు అడ్డమనే అభిప్రాయం సరికాదు. అది దీనికి దగ్గరి దారి.

శాస్త్రగ్రంథాల్లో సదృశాలు

వాద్యపు పొడవును మార్చి శ్రుతిని మార్చడం మన శాస్త్రకారులకు కొత్త కాదు. పదమూడవ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకర వాద్యాధ్యాయంలో వంశభేదాలను వర్ణించాడు. ఊదే ఫూత్కారరంధ్రానికి, తారరంధ్రానికి మధ్య ఉన్న అంగుళాలను బట్టి వాటికి పేర్లు. ఒక అంగుళమైతే ఏకవీరం, రెండైతే ఉమాపతి, మూడైతే త్రిపురుషం, నాలుగైతే చతుర్ముఖం, అయిదైతే పంచవక్త్రం, ఆరైతే షణ్ముఖం. ఏడు ముని, ఎనిమిది వసువు, పదకొండు రుద్ర, పన్నెండు ఆదిత్య, పదునాలుగు మను. భూతసంఖ్యాపద్ధతి తెలిసిన పాఠకునికి పేరే కొలత. క్లారినెట్‌కు ‘బి-ఫ్లాట్’, ‘ఎ’ అనే పేర్లు ఎట్టివో వేణువులకు ఈ పేర్లు అట్టివి. ఒకటి పలికే శ్రుతిని చెబుతుంది, మరొకటి దానికి కారణమైన పొడవును చెబుతుంది. అంగుళాలు పెరిగినకొద్దీ వేణువు మంద్రమవుతుంది. వేళ్ల పని మాత్రం అదే.

సన్నాయి వర్గంలో తిమిరి, బారి అనే భేదం కూడా ఇట్టిదే. తిమిరి పొట్టిది, హెచ్చు శ్రుతి గలది. బారి పొడవైనది, తగ్గు శ్రుతి గలది. ఇరవయ్యవ శతాబ్దిలో టి. ఎన్. రాజరత్నం పిళ్లై (1898–1956) ప్రభావంతో పొడవైన బారి ప్రచారంలోకి వచ్చి, కచేరీ శ్రుతి తగ్గింది. రాగాలు మారలేదు, ఆధారషడ్జం మారింది.

రెండవ సదృశం పెనుకొండ సీమకు సన్నిహితమైనది. పెనుకొండలో విజయనగర ప్రభుత్వోద్యోగి అయిన విరూపణ్ణ లేపాక్షి వీరభద్రాలయాన్ని విస్తరింపజేసినది అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542). ఆ నాట్యమండప స్తంభాలపై వాద్యాలు ధరించిన దేవతామూర్తులు నేటికీ ఉన్నాయి. అదే రాజు పేరును ఒక వీణామేళానికి ఇచ్చినవాడు రామామాత్యుడు. అతడు అళియ రామరాయల ఆశ్రయంలో 1550లో రచించిన స్వరమేళకళానిధిలో శుద్ధమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ, మధ్యమేళవీణ అనే మూడు భేదాలు చెప్పబడినాయి. మెట్లపై తీగలను కట్టే షడ్జ, మధ్యమ, పంచమాల అమరిక వీటిలో మారుతుంది. అచ్యుతరాజేంద్రమేళంలో ప్రధానతంత్రులు వరుసగా స ప స ప. మధ్యమేళంలో ప స ప స. మెట్టు ఒకటే అయినా తీగ శ్రుతి మారినప్పుడు ఆ మెట్టుపై పలికే స్వరం పేరు మారుతుంది.

ఈ మూడింటినీ రామామాత్యుడు సర్వరాగమేళవీణ, ఏకరాగమేళవీణ అని మళ్లీ రెండుగా విభజించాడు. అన్ని రాగాలకూ సరిపడే మెట్లు గలది సర్వరాగమేళం. ఒక రాగానికి కావలసిన విధంగా మెట్లు అమర్చుకొన్నది ఏకరాగమేళం. 1812లో పారిస్‌లో మ్యూలర్ వాద్యంపై చర్చకు వచ్చిన ప్రశ్న ఇదే. అతడు కోరినది సర్వరాగమేళ క్లారినెట్. పరీక్షకసంఘం నిలుపదలచినది ఒక్కొక్క మేళానికి అనుకూలమైన వాద్యసముదాయం. ఒకే వాద్యంలో సమస్తాన్ని ఇముడ్చుట మేలా, సందర్భానికి ఒక వాద్యాన్ని ఉంచుకొనుట మేలా అనే విచారం రెండు దేశాల్లోనూ స్వతంత్రంగా పుట్టింది. తంజావూరు రఘునాథనాయకుని కాలానికి సంప్రదాయం ఆపాదించే ఇరవైనాలుగు మెట్ల వీణ మనదేశంలో సర్వరాగపక్షం నెగ్గినదనడానికి నిదర్శనం.

పరివర్తనం, గ్రహభేదం

ఈ రెండింటి భేదాన్ని ఒక వాక్యంలో చెప్పవచ్చును. పరివర్తనంలో స్వరస్థానాలన్నీ షడ్జంతోపాటు కదులుతాయి, అంతరాలు నిలుస్తాయి, రాగం మారదు. గ్రహభేదంలో స్వరస్థానాలు నిలుస్తాయి, షడ్జం మాత్రమే కదులుతుంది, అంతరాలు మారుతాయి, రాగం మారుతుంది. మోహనరాగ స్వరాలనే ఉంచి రిషభాన్ని షడ్జంగా భావిస్తే మధ్యమావతి, గాంధారాన్ని భావిస్తే హిందోళం, పంచమాన్ని భావిస్తే శుద్ధసావేరి, ధైవతాన్ని భావిస్తే శుద్ధధన్యాసి సిద్ధించడం సుప్రసిద్ధం. అదే మోహనను ఒకటి శ్రుతి నుంచి ఐదు శ్రుతికి మార్చితే మోహనగానే ఉంటుంది.

భేదం ఇంత స్పష్టమైనప్పుడు భ్రమ ఎందుకు కలుగుతుంది? క్లారినెట్ దీనికి సమాధానం ఇస్తుంది. శ్రుతిపెట్టెను ఒకటి శ్రుతిలో, అనగా సి వద్ద, నిలిపినట్లు భావించాలి. శంకరాభరణాన్ని సి నుంచి రాసిన ప్రతిని సి క్లారినెట్ వాదకుడు చూచి వాయిస్తే శంకరాభరణమే వినిపిస్తుంది. అదే ప్రతిని బి-ఫ్లాట్ వాదకుడు పరివర్తనం చేయకుండా వాయిస్తే వెలువడేవి బి-ఫ్లాట్, సి, డి, ఇ-ఫ్లాట్, ఎఫ్, జి, ఎ. ఈ ఏడింటిని సి షడ్జంతో పోల్చితే చతుశ్రుతిరిషభం, సాధారణగాంధారం, శుద్ధమధ్యమం, పంచమం, చతుశ్రుతిధైవతం, కైశికినిషాదం లభిస్తాయి. అది ఖరహరప్రియ. ఇ-ఫ్లాట్ వాదకుడు అదే పొరపాటు చేస్తే ధైవతం, నిషాదం శుద్ధ, కైశికులై నఠభైరవి స్వరాలు వస్తాయి. ఎ వాదకుడు చేస్తే వచ్చేవి ఎ, బి, సి-షార్ప్, డి, ఇ, ఎఫ్-షార్ప్, జి-షార్ప్. వీటిలో సి లేనే లేదు. శ్రుతిపెట్టె షడ్జం వాద్యంలో ఎక్కడా దొరకదు, ఏ మేళమూ ఏర్పడదు, కేవలం అపశ్రుతి.

ఈ మూడు ఫలితాలకు కారణం ఒక్కటే. శ్రుతి నిలిచి ఉండగా స్వరపంక్తి మొత్తం జరిగింది. స్వరపంక్తి నిలిచి షడ్జం జరిగినా, షడ్జం నిలిచి స్వరపంక్తి జరిగినా చెవికి అందే సంబంధం ఒకటే. శంకరాభరణంలో రిషభస్థానం శ్రుతిషడ్జంతో కలిసినప్పుడు ఖరహరప్రియ, ధైవతస్థానం కలిసినప్పుడు నఠభైరవి పుట్టడం గ్రహభేదనియమమే. ఎ వాద్యం విషయంలో శ్రుతిషడ్జం కలిసే స్థానం సాధారణగాంధారం. అది శంకరాభరణంలో లేదు గనుక గ్రహభేదానికి అవకాశం లేదు. కనుక వాద్యబృందంలో పరివర్తనం మరచినచోట, శ్రుతి నిలిచి ఉంటే, గ్రహభేదమో అపశ్రుతియో సంభవిస్తుంది. రెండు పదాలు ఒకదాని స్థానంలో మరొకటి వాడుకలోకి రావడానికి ఈ సంభవమే హేతువు కావచ్చును. అయితే ఒకటి సవరణ, మరొకటి సవరణ లోపించిన ఫలితం.

శార్ఙ్గదేవుడు చెప్పిన మూర్ఛనను కూడా ఈ వెలుగులో చదవాలి. మూర్ఛనలో ఆరంభస్వరం మారుతుంది; గ్రామనియమితమైన శ్రుత్యంతరాలు స్వరాల మధ్య యథాతథంగా ఉంటాయి. అందువల్ల మూర్ఛన గ్రహభేదానికి బంధువు, పరివర్తనానికి కాదు. మూర్ఛన శబ్దాన్ని కేవలం ‘శ్రుతి మార్చడం’ అని అనువదిస్తే విద్యార్థి దానిని పరివర్తనంగా గ్రహించే ప్రమాదం ఉంది.

శ్రుతిశబ్దపు అనేకార్థకత్వం

చిక్కుకు మూలం ‘శ్రుతి’ శబ్దంలో కూడా ఉంది. స్థాయిని విభజించే ఇరవైరెండు సూక్ష్మనాదాలు శ్రుతులు. ఒత్తు, తంబుర, శ్రుతిపెట్టె నిలిపే అఖండనాదం శ్రుతి. గాయకుడు ఎంచుకున్న షడ్జస్థానం శ్రుతి. అంగీకృతస్వరంతో కలవడం ‘శ్రుతి కలవడం’. గ్రహభేదానికి ‘శ్రుతిభేదం’ అనే పర్యాయం కూడా వాడుకలో ఉంది. ఒకే పుటలో ఈ అర్థాలలో మూడు నాలుగు ఎదురైనప్పుడు సందర్భమే శరణ్యం. పాఠ్యగ్రంథాల్లో ‘శ్రుతిభేదం’ పదాన్ని గ్రహభేదానికే పరిమితం చేసి, ట్రాన్స్‌పొజిషన్‌కు ‘ఆధారషడ్జ పరివర్తనం’ వంటి ప్రత్యేకపదాన్ని వాడటం ఉచితం.

అభ్యాసక్రమం

పాశ్చాత్యవాద్యం మన సంగీతంలోకి ప్రవేశించిన తీరు కూడా పరిశీలనార్హమే. పంతొమ్మిదవ శతాబ్దిలో నాట్యమేళాల్లో క్లారినెట్ చేరినదని, అందుకు మహాదేవ నట్టువనార్ మార్గదర్శకుడని సంప్రదాయం చెబుతుంది. 1931లో జన్మించిన ఎ. కె. సి. నటరాజన్ దానిని కచేరీ ప్రధానవాద్యంగా నిలిపి 2022లో పద్మశ్రీ పొందారు. కచేరీలో వాదకుడు ఒకే షడ్జంపై ఉంటాడు గనుక ఒక్కసారి క్రమం కుదిరితే చాలు. బ్యాండు మేళంలోను, గాయకునికి లేదా నాటక హార్మోనియానికి తోడుగా వాయించేటప్పుడు షడ్జం ఇతరులది; అప్పుడు వాదకునికి పరివర్తనజ్ఞానం తప్పనిసరి.

హార్మోనియం తెల్లమెట్లకు సి మొదలుకొని ఒకటి నుంచి ఏడు వరకు సంఖ్యలు, వాటి నడుమ నల్లమెట్లకు ‘న్నర’ చేర్చిన పేర్లు. మూడుకు నాలుగుకు మధ్య, ఏడుకు పై ఒకటికి మధ్య నల్లమెట్టు లేదు గనుక మూడున్నర, ఏడున్నర శ్రుతులు లేవు. ఈ సంఖ్యలకు బి-ఫ్లాట్ క్లారినెట్‌పై షడ్జపు వేళ్లస్థానాలు ఇట్లు ఉంటాయి: ఒకటికి డి, ఒకటిన్నరకు డి-షార్ప్, రెండుకు ఇ, రెండున్నరకు ఎఫ్, మూడుకు ఎఫ్-షార్ప్, నాలుగుకు జి, నాలుగున్నరకు జి-షార్ప్, ఐదుకు ఎ, ఐదున్నరకు ఎ-షార్ప్, ఆరుకు బి, ఆరున్నరకు సి, ఏడుకు సి-షార్ప్. ఈ పన్నెండింటినీ కంఠస్థం చేసిన విద్యార్థికి బి-ఫ్లాట్ వాద్యంపై ఏ గాయకుని శ్రుతి అయినా అందుతుంది.

స్థానం తెలిసినంత మాత్రాన రాగం పలుకదు. ఉదాహరణకు నాలుగు శ్రుతిలో షడ్జం జి అవుతుంది. క్లారినెట్‌పై మధ్యభాగపు జి అన్ని రంధ్రాలూ తెరచి పలికే స్వరం. దాని పైనున్న జి-షార్ప్, ఎ, ఎ-షార్ప్ నాదంలో కొంత బలహీనమైనవి. తరువాతి బి పలకాలంటే వేళ్లన్నీ మూసి పైవిభాగానికి ఒక్కసారిగా దాటాలి. అందువల్ల ఈ శ్రుతిలో శంకరాభరణ రిషభం నుంచి గాంధారానికి జారుడు సాధించడం కష్టం, గమకం తెగుతుంది. అదే నాలుగు శ్రుతికి ఇ-ఫ్లాట్ క్లారినెట్ తీసుకుంటే షడ్జం డి వద్ద పడుతుంది. దాటు పంచమధైవతాల మధ్యకు జరుగుతుంది. సి క్లారినెట్‌పై షడ్జం ఎఫ్. దాటు శుద్ధమధ్యమానికి ఎగువన, శుద్ధమధ్యమ పంచమాల మధ్య వస్తుంది. దాటును ఏ వాద్యమూ తప్పించలేదు. వాద్యం ఎంపికతో అది ఏ రెండు స్వరాల నడుమ పడాలో నిర్ణయించుకోవచ్చును. రాగంలో గమకప్రధానమైన స్వరాలేవో తెలిసిన వాదకుడే ఈ నిర్ణయం చేయగలడు. ఇక్కడ లక్షణజ్ఞానం నేరుగా వేళ్లకు ఉపకరిస్తుంది.

బోధనలో ఈ క్రమం అనుసరణీయం. మొదట ఒకే అలంకారాన్ని హార్మోనియంపై మూడు శ్రుతుల్లో పాడించి రాగం మారకపోవడాన్ని చెవికి చూపాలి. తరువాత శ్రుతిని కదల్చకుండా స్వరపంక్తిని జరిపి రాగం మారడాన్ని వినిపించాలి. ఈ రెండు అనుభవాల తరువాత పదాలను ఇవ్వాలి. అటుపిమ్మట శార్ఙ్గదేవుని వంశప్రకరణం, రామామాత్యుని వీణాప్రకరణం చదివిస్తే శ్లోకార్థం విద్యార్థికి ప్రత్యక్షమవుతుంది.

ఉపసంహారం

క్లారినెట్ ప్రతి వేళ్లను, స్టాఫ్ లిపి నాదస్థానాన్ని, సరిగమలిపి సంబంధాన్ని చెబుతాయి. ఒకదానిని మరొకదానిగా చదివినప్పుడే దోషం పుడుతుంది. ఏకవీరం మొదలైన వేణువులు, తిమిరి బారి సన్నాయిలు, అచ్యుతరాజేంద్ర మధ్యమేళ వీణలు, బి-ఫ్లాట్ ఎ క్లారినెట్లు ఒకే ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వచ్చిన సమాధానాలు. షడ్జం కదిలినప్పుడు తక్కినవి కదలాలా, నిలవాలా అన్నదే ఆ ప్రశ్న. తక్కినవి కదిలితే పరివర్తనం, నిలిస్తే గ్రహభేదం.

లేపాక్షి స్తంభాలపై వాద్యధారులను చూచి, పరిగి వీథిలో పెండ్లి బ్యాండును విన్న విద్యార్థికి ఈ రెండూ వేర్వేరు లోకాలుగా తోచనవసరం లేదు. గాయకుని శ్రుతి తెలుసుకొని, తన బి-ఫ్లాట్ వాద్యంపై షడ్జాన్ని వెదకి వేళ్లు సవరించుకునే వాదకుడు చేస్తున్నది రామామాత్యుడు వీణాప్రకరణంలో విచారించిన పనికి సన్నిహితమైనదే. ఆ పనికి సరియైన పేరు పెట్టి పాఠంలో చేర్చడం ప్రాచ్యకళాశాలల సంగీత, సంస్కృత బోధకుల బాధ్యత.